ముఖం లేని కటౌటు

"ముఖం లేకపోతే ఏమప్పా, నిలబడేదాంట్లోనే తెలస్తా ఉండాది. ఈయప్ప మా హీరోనే," అన్నాడు గంగప్ప.

నగర్తపేట సందులో అంజినప్ప కటౌట్లు గీసే కొట్టం అది. గోడకు ఆనించిన పదిహేనడుగుల బొమ్మ మెడదాకా పూర్తయి ఉంది. అంజినప్ప పద్ధతే అంత. ఒళ్ళు ముందు గీసి, ముఖం ఆఖర్న పెడతాడు.

వర్తూరు నుంచి బస్సులో వస్తున్నంతసేపూ గంగప్పా, కొడుకు నాగరాజూ కొట్టుకు చస్తూనే ఉన్నారు. సంక్రాంతికి తండ్రి హీరో పాత సినిమా మళ్ళీ ఆడుతుంది, కొడుకు హీరో కొత్త సినిమా విడుదలవుతుంది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు అంజినప్పకే కటౌటు చెప్పారు. అంతటితో పోతే బాగుండేది. నెల నిండిన మనవడికి శుక్రవారం నామకరణం. తన హీరో పేరు పెట్టకపోతే బతికుండీ దండగని గంగప్ప బెంగ. ఆ తరంతోనే మగాళ్ళు అయిపోయారట, ఇప్పుడున్నవాళ్ళంతా పౌడరు డబ్బాలట. అరవై ఏళ్ళకు విగ్గు పెట్టుకుని కాలేజీకి పోయిన మగతనం మాకొద్దని నాగరాజు జవాబు.

ఆ వేడిలోనే చెప్పులతో కొట్టంలోకి వచ్చి తడి రంగు తొక్కబోయారు. అంజినప్ప పెళ్ళాం సొన్నమ్మ కుంచెలు కడుగుతున్నదల్లా లేచి, తడిచెయ్యి నడుముకు తుడిచి అక్కడే పెట్టుకుని, "చెప్పులు బయట," అంది. తండ్రీకొడుకులు గుడికొచ్చినంత బుద్ధిగా చెప్పులు విడిచి వచ్చారు. ఆమె లోపలికి పోయాకే మళ్ళీ గొంతులు లేచాయి.

"ఎనభై మూడులో ఈ అంజినప్పే గీసినాడు, అచ్చం ఇట్లే," అన్నాడు గంగప్ప, కళ్ళు తుడుచుకుంటూ. "నడుం మీద చెయ్యి చూడు. ఎదురుగా వచ్చినోనికి నోరు పడిపోవల్ల. మీవోనికి యాడిది ఈ దర్జా?"

"ఈ దర్జా మా హీరోది నాయనా. పోయిన సినిమా కటౌటుకూ ఇదే ఉండె," అన్నాడు నాగరాజు. ఆ బొమ్మ తన హీరోదేనని వాడికీ రవ్వంత అనుమానం లేదు.

వెండి మొలతాడు కొనడానికి బిడ్డనెత్తుకుని వెంట వచ్చిన కోడలు నేత్రావతికి విసుగెత్తిపోయింది. పేరు తేలక నెల రోజులుగా బిడ్డను 'ఒరే' అనే పిలుస్తూ చస్తోంది.

"ఈ నిలబడింది ఎవురో అంజినప్పే చెప్తాడు. వాళ్ళ పేరే బిడ్డకు," అంది. "మళ్ళా మాట మార్చినారంటే బిడ్డనెత్తుకోని సర్జాపురం మా అమ్మోళ్ళింటికి పోతా."

ఇద్దరూ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. గంగప్ప కళ్ళు మూసుకుని తన హీరోకే మొక్కుకున్నాడు. ఓడిపోతే తన హీరో తన ఇంట్లోనే చచ్చినట్టు.

అంజినప్ప లోపలి గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"పెండ్లయినప్పట్నించీ ఏ హీరో కటౌటైనా ఒకే ఒళ్ళు సామీ, ముఖమే మారుస్తా. ఒళ్ళు చూసి గీసేకి ఎవురో ఒకరు ఎదురుగా నిలబడల్ల కదా."

"ఎవురు?" అన్నారు ఇద్దరూ.

"మా సొన్నమ్మ."