పడని మందు

"మీ అత్తగారికి ఏ మందు పడదు?"

క్లినిక్ బల్ల మీద పక్కన కూర్చున్న ఆవిడ హఠాత్తుగా అలా అడిగేసరికి టైలరు ఉలిక్కిపడ్డాడు. ఆవిడతో ముఖపరిచయం కూడా లేదు.

"మీకెందుకండీ?"

"మీకు తెలుసా అని అడుగుతున్నా బాబూ."

తెలియదు. ఆ ముక్క ఒప్పుకోవడం ఇష్టంలేక, "అవన్నీ మా ఆవిడకు తెలుసు. బస్సు కండక్టరు. సాయంత్రం డ్యూటీ దిగాక అడిగి చెప్తాలెండి," అన్నాడు వెటకారంగా.

"ఈలోపు ఏదైనా అయితే?"

"అవేం మాటలండీ!"

అటు పక్కన కూర్చున్న అత్తగారు కలగజేసుకుంది. "నాకు పెన్సిలిన్ పడదమ్మా. మా అమ్మాయి పుట్టకముందు ఒకసారి ఇస్తే గొంతు వాచిపోయి ఊపిరాడలేదు. చచ్చి బతికాను."

టైలరు నోరు తెరిచాడు. "నాకెప్పుడూ చెప్పలేదేంటి అత్తయ్యా?"

"నువ్వెప్పుడు అడిగావు నాయనా? కొలతలు తప్ప ఎవర్నీ ఏమీ అడగవు కదా!"

ఆ పక్కనావిడ నవ్వలేదు. బ్యాగులోంచి రెండు కార్డులు తీసి, అత్తగారి చేతిలోని మందుల చీటీ చూసుకుంటూ రాయడం మొదలుపెట్టింది. పేరు, వయసు, రోజూ వేసుకునే మాత్రలు, అల్లుడి ఫోను, కూతురి ఫోను. పెన్సిలిన్ పడదన్న మాట మాత్రం అన్నిటికంటే పైన, ఎర్ర సిరాతో, ఇంతింత అక్షరాల్లో.

"ఒకటి ఇంట్లో తలుపు వెనకాల అంటించండి. ఇంకోటి ఈవిడ ఎక్కడికెళ్ళినా వెంట ఉండాలి. మందులు మారితే కార్డూ మార్చండి."

"మీదేమైనా ఇన్సూరెన్సు కంపెనీయా?"

"కాదు బాబూ."

లేచి వెళ్ళి, అవతలి బల్ల మీద తండ్రిని పట్టుకుని కూర్చున్న ఒక కుర్రాణ్ణి పలకరించింది.

"జిడ్డు మనిషి," అని గొణుక్కున్నాడు టైలరు.

ఇంటికొచ్చాక అత్తగారు వదల్లేదు. "అంత శ్రద్ధగా రాసిచ్చింది పాపం. నా సంచీకి లోపల ఒక జేబు కుట్టు."

సణుగుతూనే కుట్టాడు. చేతికందిన పీలికతో, ఆకుపచ్చ సంచీకి పసుప్పచ్చ జేబు. డ్యూటీ నుంచి వచ్చిన భార్య అది చూసి పడీపడీ నవ్వింది.

వానలు పట్టుకున్నాక ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఆసుపత్రి నుంచండీ. మీ అత్తగారు కూరగాయల కొట్టు ముందు పడిపోతే ఎవరో తీసుకొచ్చి చేర్చారు. కార్డు మీద నంబరు చూసి చేస్తున్నాం."

మిషను ఆపి, మెడలో టేపుతోనే పరిగెత్తాడు. భార్యకు చేస్తే ఫోను ఎత్తలేదు. బస్సులో ఉంది.

డాక్టరమ్మ వార్డు గుమ్మంలోనే ఎదురైంది.

"కంగారుపడకండి. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. జ్వరం ఎక్కువై స్పృహ తప్పారు. ఇప్పుడు పర్లేదు."

టైలరు గోడకు ఆనుకున్నాడు.

"ఇలా వచ్చినవాళ్ళకి మామూలుగా పెన్సిలిన్ రకం మందే ఇస్తాం. సూది కూడా సిద్ధం చేశాం. ఇంతలో ఆయా సంచీ వెతుకుతూ పసుప్పచ్చ జేబులో కార్డు చూసింది. వెంటనే మందు మార్చాం. అదే గనక లేకపోతే..."



లోపల అత్తగారు మెల్లిగా కళ్ళు తెరిచింది. అల్లుణ్ణి ఎగాదిగా చూసింది.

"మెడలో ఆ టేపేంటి నాయనా? అప్పుడే నా కొలతలకొచ్చావా?"

నవ్వబోయి బావురుమన్నాడు.

అత్తగారు ఇంటికొచ్చి, ఎప్పట్లా వంకలు పెట్టడం మొదలెట్టాక గానీ టైలరు మనసు కుదుటపడలేదు. ఆ వారమే ఒక కొత్త సంచీ కుట్టాడు. మంచి గుడ్డ, లోపల బోలెడన్ని జేబులు. దాన్ని పట్టుకుని క్లినిక్‌కి వెళ్ళాడు.

బల్ల ఖాళీగా ఉంది.

"ఆ కార్డులు రాసే ఆవిడా? ఊరు మారిపోయారండీ," అన్నాడు చీటీలు రాసే గుమాస్తా. "ఎక్కడికో చెప్పలేదు."

టైలరు సంచీని తడుముకున్నాడు. "ఒక్క మాట చెప్పుకుందామని వచ్చాను. ఆవిడ ఇంట్లోనూ ఎవరికో ఇలాగే జరిగుంటుంది పాపం. అందుకే అంత పట్టుదల."

"అందరూ అలాగే అనుకుంటారు," అన్నాడు గుమాస్తా కలం పక్కన పెడుతూ. "ఆవిడ ఇంట్లోవాళ్ళంతా చల్లగానే ఉన్నారండీ. ఒకప్పుడు పెద్దాసుపత్రిలో నర్సు. ఏ మందు పడదో చెప్పే మనిషి పక్కన లేక ఒక పేషెంటు ప్రాణం పోయింది. ఆ ఇంజెక్షన్ ఇచ్చింది ఆవిడే."