శ్రీమతి క్రోన్ కుర్చీ

"లేవండి పెద్దాయనా. అది శ్రీమతి క్రోన్ గారి కుర్చీ."

రోస్విత మాట మర్యాదగానే ఉంది గానీ గొంతులో విసుగు దాగలేదు.

జర్మనీలో హార్ట్స్ కొండల కింద పాడుబడ్డ మఠంలో ఆ సాయంత్రం కచేరీ. పైకప్పు ఏనాడో కూలిపోయింది. గోడలూ, మొండి గంటగోపురమూ మిగిలాయి. మధ్యాహ్నం పడ్డ వానకి గడ్డి ఇంకా తడిగానే ఉంది. జనం దుప్పట్లూ దిండ్లూ చంకన పెట్టుకుని వస్తున్నారు.

ముసలాయన కుర్చీని అడ్డంగా తిప్పుకుని మరీ కూర్చున్నాడు. మోకాళ్ళు రుద్దుకుంటూ తలెత్తి చూశాడు.

"ఆవిడ రాదమ్మా," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"ఇన్నేళ్ళూ రాలేదు కదా."

అది నిజమే. తొమ్మిదేళ్ళుగా ముందు వరుసలో ఆ చివరి కుర్చీ ఖాళీగానే ఉంటోంది. అయినా ప్రతి కచేరీకీ రోస్విత దాన్ని తనే తుడిచి, పేరు చీటీ అంటిస్తుంది. ఈ కచేరీలు ఇంకా బతికున్నాయంటే ఆవిడ చలవే మరి.

గంటగోపురంలో గుడ్లగూబలు గూడు పెట్టిన ఏడాది, జిల్లా పక్షి సంరక్షణ ఆఫీసు కచేరీలు ఆపేయమంది. ఎక్కడో బవేరియాలో ఉద్యోగం మానుకుని వచ్చి, రోస్విత ప్రాణం పెట్టి మొదలుపెట్టిన పని అది. అప్పుడొచ్చింది ఒక ఉత్తరం. సంగీతానికి గూబపిల్లలు బెదరకుండా చూసే పూచీ తనదని రాసి ఉంది. కింద సంతకం, ఐకె క్రోన్.

అప్పటినుంచి ఏటా మే నెలలో ఆ ఉత్తరం వస్తుంది. అది వస్తేనే అనుమతి. లేకపోతే ఆ ఏడు పాటా లేదు, వాద్యమూ లేదు.

రోస్విత పుట్టిన వైపు హైకె అనే ఆడపిల్లలు వీధికి నలుగురు. ఐకె కూడా అలాంటి పేరే అనుకుంది. ఆఫీసులో ఏ మహాతల్లో తన మీద దయ తలిచిందనుకుంది. 'శ్రీమతి ఐకె క్రోన్' అని రాసి ఏటా ఆహ్వానం పంపుతోంది.

ఈ ముసలాయన సంగతి వేరు. బురద బూట్లు, టీ ఫ్లాస్కు, మెడలో తోలుసంచి. తాడు కట్టిన చోటికి అవతల, కూలిన గోడ సందులో కూర్చుంటాడు. కచేరీ సాగినంతసేపూ వాద్యకారులకి వీపు పెట్టే ఉంటాడు. "మేం అంత ఘోరంగా వాయిస్తున్నామా?" అని వయొలిన్‌వాళ్ళు ఎన్నిసార్లు మొత్తుకున్నారో.

"తొమ్మిదేళ్ళూ సంగీతానికి వీపు చూపించారు," అంది రోస్విత. "ఇవాళ ముందు వరుస కావలసొచ్చిందా?"

"వీపుకీ వినిపిస్తుందమ్మా."

"టిక్కెట్టుందా?"

ముసలాయన కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. కాసేపు అలాగే ఉంచి, వట్టి చెయ్యి బయటికి తీశాడు.

"ఉంది గానీ నా పేరు మీద లేదు."

"అయితే చెల్లదు. రూలంటే రూలు."

"అంతేనమ్మా. రూలంటే రూలే."

లేవబోయి తూలాడు. రోస్విత చెయ్యి పట్టుకుని లేపింది. తాడు దాటించి, గోడ బయటిదాకా నడిపించింది.

"నేలంతా తడి. ఇంటికెళ్ళండి, జలుబు చేస్తుంది."

"కచేరీ అయిపోకుండా ఎలా వెళ్తాను?" అని నవ్వి, ఆయన ఆ గడ్డిలోనే మెల్లగా చతికిలబడ్డాడు.

రోస్వితకి జాలేసింది. ఇంతలో వయొలిన్లు శ్రుతి చేసుకోవడం మొదలైంది. ఆ హడావిడిలో మరిచిపోయింది.

మరుసటి ఏడు మే వెళ్ళిపోయింది. ఉత్తరం రాలేదు.

ఊరూరా పోస్టర్లు అంటించేశారు. కళాకారులకి మాట ఇచ్చేసింది. గోపురంలో గుడ్లగూబలు మళ్ళీ పిల్లల్ని పెట్టాయి. రోస్వితకి కాలూ చెయ్యీ ఆడలేదు. ఆపిల్ కేకు చేసి, డబ్బాలో పెట్టుకుని, జిల్లా ఆఫీసుకి తనే వెళ్ళింది.

అక్కడి ఉద్యోగిని పేరు మేరింగ్.

"శ్రీమతి క్రోన్ గారిని ఒక్కసారి చూడాలండీ. బతిమాలైనా సరే ఉత్తరం రాయించుకుపోతాను."

మేరింగ్ కలం పక్కన పెట్టింది. "శ్రీమతి క్రోన్ పోయి పదకొండేళ్ళయిందండీ."

"అదేంటి, నిరుడు కూడా సంతకం పెట్టారే?"

"ఆ సంతకం వాళ్ళాయనది. మా వైపు ఐకె అని మగవాళ్ళకే ఎక్కువ పెడతారు. ఆయనా పోయారు పాపం, ఫిబ్రవరిలో."

రోస్విత డబ్బా బల్ల మీద పెట్టింది.

"ఆయన ఇక్కడ పని చేసేవారా?"

"అబ్బే, రిటైరైన బడిపంతులు. కచేరీ మొదలైంది మొదలు జనం వెళ్ళేదాకా ఎవరో ఒకరు గూటి మీంచి చూపు తిప్పకుండా కూర్చోవాలని మా రూలు. జీతంలేని పని, ఎవరూ ముందుకి రాలేదు. ఆయన వచ్చారు. మీ మొదటి రెండేళ్ళ కచేరీలకీ వాళ్ళావిడ వచ్చేదట, అదీ కారణం."

"నేను శ్రీమతి అని రాస్తుంటే చెప్పలేదేం?"

"దిద్దమని నేను రాస్తానంటే వద్దన్నారు. ఆవిడ పేరు మీద అక్కడొక కుర్చీ ఉంది, ఉండనివ్వు అన్నారు."



"మరి ఈ ఏడు ఎవరు కూర్చుంటారు?"

"ఎవరూ లేరండీ. క్రోన్ గారొక్కరే ఉండేవారు."

ఆ ఒక్కరినీ రోస్విత నిరుడు తన చేత్తోనే లేపి, గోడ బయట తడి గడ్డిలో వదిలి వచ్చింది.