మెట్ల కింద ప్లగ్ పాయింట్

"మెట్ల కిందనా?" ముజఫ్ఫర్ అలీ చేతిలోని జిప్సం బోర్డును గోడకు ఆనించాడు. "ఆడ ప్లగ్ పెట్టుకొని ఏం నడిపిస్తరు? పంపా, పంకానా?"

"నాకేం తెల్సు సార్. మామా చెప్పిందంట. శివకుమారి ఇప్పుడే చెప్పిపోయింది," అన్నాడు నాగూర్ నేల చూపులు చూస్తూ.

"నిన్ననే కదరా వంటింట్ల మూడు పాయింట్లు జరిపినవు!"

"జరిపాను సార్. మళ్లీ మొదటి చోటికే తెమ్మంటున్నారు."

ముజఫ్ఫర్ అలీ తల పట్టుకున్నాడు. అల్ వుకైర్‌లో ఒక ఖతరీ కుటుంబం ముచ్చటపడి కట్టించుకుంటున్న విల్లాకు అతను సూపర్‌వైజరు. ఊరు కరీంనగర్. నాగూర్‌ది నెల్లూరు దగ్గర పల్లె, ఎలక్ట్రీషియన్. నాగూర్ వైర్లు లాగి, వేడి చొరబడకుండా సందుల్లో రాక్‌వూల్ దూది కూరితే, దానిమీద బోర్డులు బిగించి గోడలు మూసెయ్యాలి. ఆ తర్వాత ఏ చిన్న మార్పుకైనా గోడ పగలగొట్టాల్సిందే. అందుకే పనివాళ్లంతా 'మామా' అని పిలిచే ఇంటావిడ, ముందే అన్నీ చూసుకుంటానంది. కానీ ఆవిడకు దుమ్ము పడదు. మదీనత్ ఖలీఫాలోని పాత ఇంట్లోనే కూర్చుని, పనిమనిషి శివకుమారిని కారెక్కించి ఇక్కడికి పంపి, ఫోన్‌లో గదులు చూస్తూ తనకేం కావాలో ఆ పిల్లతో చెప్పిస్తోంది.

మొదట్లో ఒకటీ అరా మార్పులు. పోనుపోను శివకుమారి వచ్చిందంటే ఒక గోడ విప్పడమే. విచిత్రమేమిటంటే, చేసిన పనే విప్పి మళ్లీ చేయాల్సిన నాగూర్‌కు చీమ కుట్టినట్టయినా లేదు. గేటు దగ్గర కారు హారన్ వినపడగానే జుట్టులో ఇరుక్కున్న దూది దులుపుకునేవాడు, నీళ్ల డ్రమ్ములోకి తొంగిచూసి మీసం సవరించుకునేవాడు.

"కథ ఇదన్న మాట," అనుకున్నాడు ముజఫ్ఫర్ అలీ.

ఆ మధ్యాహ్నం పై గదిలో బోర్డులు లెక్క చూస్తుంటే కింది నుంచి, మళ్లీ వచ్చిన శివకుమారి గొంతు వినిపించింది.

"ఈ చొక్కా పారెయ్యమన్నానా లేదా? మెడంతా దద్దుర్లు చూడండి! ఆ దూది ముట్టుకునేటప్పుడు గ్లౌజులు వేసుకోరా?"

"వేసుకుంటాలే."

"లే అంటే వేసుకోరు, నాకు తెలీదా. పొద్దున ఏం తిన్నారు?"

"ఖుబూస్ రొట్టె."

"ఒట్టి ఖుబూసా? ఇదిగో, పులిహోర. నా ముందే తినండి."

ముజఫ్ఫర్ అలీ మెట్ల మీది నుంచి తొంగిచూశాడు. ఆ పిల్ల నాగూర్ కాలరు మీది దూది పోగులు ఒక్కొక్కటే ఏరి పారేస్తోంది. నాగూర్ బుద్ధిమంతుడిలా తల వంచుకుని తింటున్నాడు. ముజఫ్ఫర్ అలీకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. పెళ్లికి ముందే ఈ పిల్ల ఇంత అదిలిస్తుంటే, అయ్యాక వీడి గతేమిటి! అంతకంటే ముందు, ఈ సంగతి ఇంటావిడకు తెలిస్తే? ఇదే ఊళ్లో తోడు ఒకడు ఉన్నాడని తెలిసి, ఇంతకుముందున్న పనిమనిషిని ఆవిడ వారం తిరక్కుండా విమానం ఎక్కించిందని ఆ ఇంటి కారు డ్రైవర్ ఆదెప్ప చెప్పాడు. కంపెనీ మటుకు నాగూర్‌ను ఊరుకుంటుందా?

మర్నాడు ఇంటి యజమానే వచ్చాడు. ఇల్లంతా తిరిగి, మెట్ల కింద వంగి చూసి, నవ్వాడు.

"ఇక్కడ ప్లగ్ ఎవరు పెట్టమన్నారు?"

"మామా, సర్..."

"ఆవిడ అడిగింది వంటింట్లో ఒక్కటే. అది ఎప్పుడో అయిపోయిందంది. యల్లా, కానివ్వండి, గురువారానికి గోడలు మూసెయ్యండి."

కారు వెళ్లిపోయింది. ముజఫ్ఫర్ అలీ చెవులు ఎర్రబడ్డాయి. నాగూర్‌ను పిలిచాడు. అప్పటికే శివకుమారి కూడా వచ్చి వాకిట్లో నిలబడి ఉంది.

"మామా చెప్పలే. ఈమె చెప్పలే. నువ్వే కట్టుకథ అల్లినవు గదా?"

నాగూర్ మెడ మీది దద్దుర్లు గోక్కున్నాడు.

"నాదే తప్పు సార్," శివకుమారి ముందుకొచ్చింది. "గోడలు మూసేస్తే ఇంక నన్ను ఇటు పంపరు. అందుకే ఏదో ఒకటి చెప్పమన్నాను. ఆయన్ని పంపెయ్యకండి. పంపాలంటే నన్నే పంపించమని మామాకి చెప్పండి."

"కాదు సార్, మెట్ల కింది ప్లగ్ నా తెలివే," అన్నాడు నాగూర్ గబగబా.

"దాన్ని తెలివంటరా బే!"

కేకలేద్దామని తెరిచిన నోరు మళ్లీ మూసుకున్నాడు ముజఫ్ఫర్ అలీ. ఊళ్లో ఉన్న తన భార్య రాబియా గుర్తొచ్చింది. రోజూ ఫోన్‌లో మొహం చూస్తాడు గానీ, చొక్కా మీద పోగు తీసేవాళ్లు తనకిక్కడెవరున్నారు? ఇసుక బస్తా మీద కూలబడి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోమన్నాడు.

"సూడుండ్రి. నేను ఎవలకు చెప్పను. గురువారం దాకా ఒక్క గోడ మూయకుండ ఆపుత. కని ఇట్ల దొంగచాటుగ కల్సుడు మంచిగుండదు. మీ ఇంటోళ్లు ఒప్పుకుంటలేరా? నంబర్ ఇయ్యుండ్రి, పెద్దమనిషిగ నేను మాట్లాడ్త. సెలవు పెట్టి ఊరికి పోయి, మంచిగ పెండ్లి చేసుకొని రాండ్రి."

శివకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాగూర్ మెల్లగా తలెత్తాడు.

"మాకు పెళ్లయి ఏడేళ్లయింది సార్."