రెండోచోటి మాట

“డాక్టర్ గారు ఒక్క ల్యాబుకే రాశారు సార్. మీరేమో రెండంటున్నారు,” అన్నాడు ఆస్పత్రి కౌంటర్లో టెక్నీషియన్.

“ఆయన రాసేది ఆయన రాశాడు. కడుపు మా ఆవిడది కదా బాబూ! సగం అక్కడికి పంపు, సగం ఇంకోచోటికి పంపు,” అన్నాడు నూనెగింజల షావుకారు.

టెక్నీషియన్ చేతిలో చిన్న మైనపు దిమ్మె ఉంది. షావుకారు భార్య కడుపులోని గడ్డ నుంచి గొట్టం వేసి తీసిన ముక్క అందులోనే ఉంది. షావుకారు దానికేసి ఒక చూపు చూశాడు. లోడు దిగితే గుప్పెడు గింజలు తీసి, రెండుచోట్ల నూనె శాతం చూపించనిదే ధర చెప్పే మనిషి కాదాయన. ఒక్కడి మాట నమ్మి నిండా మునిగినవాళ్ళని బజారులో చాలామందినే చూశాడు.

“రేపు డాక్టర్ గారొస్తారు. ఓ మాట అడిగి...”

“రేపటికి అది ఇంకెంత పాకుతుందో నువ్వు చెప్తావా?”

టెక్నీషియన్ కాగితం మీద సంతకం చేయించుకున్నాడు.

వార్డులో భార్య దిండుకి జారబడి కూర్చుంది. మంచినీళ్ళు కూడా ఒకటి రెండు గుక్కలకి మించి దిగడం లేదు.

“మళ్ళీ గొట్టం వేస్తారా ఏంటండీ?”

“వెయ్యరే. కిందటిసారి రక్తం ఆగక చచ్చి బతికావు. ఇంకోసారి ఆ గడ్డని ముట్టుకోనన్నాడు డాక్టర్. తీసిన దాంతోనే చూస్తారు.”

“ఏం చూస్తారు?”

“గడ్డలో జన్యువులుంటాయట. కొన్ని ముసుగుతన్ని పడుకుంటే, కొన్ని ఒళ్ళు తెలీకుండా పనిచేస్తాయట. కణాల్ని ఇల్లు వదిలి పొమ్మని, చోటు దొరికినచోట కాపురం పెట్టమని తరిమేవి అవే. అలా పోయే కదా, నీ పేగుల మీద కూడా తిష్ఠ వేశాయి! వాటిలో ఏది ఎంత జోరుగా పనిచేస్తోందో లెక్క తేలిందనుకో, దాని నోరు నొక్కే మందుందట.”

“తేలకపోతే?”

షావుకారు దుప్పటి సర్దసాగాడు.

“నొప్పి తెలీకుండా మందిచ్చి ఇంటికి పంపుతారు,” అంది ఆవిడే. “మొన్న డాక్టర్ మీతో అంటుంటే విన్నాన్లెండి. జబ్బు కడుపుకి గానీ చెవులకి కాదుగా!”

“అందుకేనే, రెండుచోట్లకి పంపాను. ఒకడు తప్పుచెప్తే ఇంకొకడు పట్టుకుంటాడు.”

“ఒకడు ఉందని, ఒకడు లేదని అంటేనో?”

“మూడోవాణ్ణి అడుగుతా.”

“మూడోవాడు చెప్పేదాకా నేనుండాలిగా!” ఆవిడ నవ్వబోయి పొట్ట పట్టుకుంది. “పెళ్ళిచూపులప్పుడూ ఇదే పని చేశారు. పిల్ల మంచిదేనా అని మా పిన్నిని ఓసారి, పక్కింటావిణ్ణి ఓసారి వాకబు చేశారట.”

“చేస్తే? నష్టపోయానా?”

ఆవిడ చెయ్యి చాపి ఆయన చేతిని పట్టుకుంది. ఇక వదల్లేదు.

ఆ తర్వాత షావుకారు కొట్టు మొహం చూడలేదు. ల్యాబులకి ఫోన్లు చేయడం, వార్డు గుమ్మంలో నిలబడడం, అదే పనైపోయింది. ఆవిడ పొట్ట ఉబ్బింది. చేతులు పుల్లలయ్యాయి. రాను రాను ఆ గుక్క నీళ్ళూ నిలవడం మానేశాయి. షావుకారుకి మాత్రం ఒకటే గుబులు: ఆ రెండు కాగితాలూ చెరో దారి పట్టకూడదు.

రిపోర్టులు రెండూ వచ్చాయని కబురు రాగానే డాక్టర్ గదికి పరుగెత్తాడు. డాక్టర్ ఒక రిపోర్టు చదివాడు. రెండోది చదివాడు. మళ్ళీ మొదటిది తీశాడు.

“తేడా వచ్చిందా డాక్టర్ గారూ?”

“లేదు. రెండింటిలోనూ ఒకటే ఉంది.”

షావుకారుకి పోయిన ప్రాణం లేచి వచ్చింది. కుర్చీ అంచుకి జరిగాడు. “నేను చెప్పలా! రెండుచోట్లా కలిసిందంటే ఇక తిరుగులేదు. చెప్పండి, ఏం మందు తెమ్మంటారు?”

డాక్టర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“పరీక్షకి ముక్క చాల్లేదట షావుకారు గారూ. ఉన్నది కాస్తా అందులోనే అయిపోయింది. ఇంకో అంత ముక్క ఉంటే సరిపోయేదని ఇద్దరూ రాశారు.”