డిస్కులో లేని పాట

“ఆ పాట లేని హిట్స్ ఏం హిట్స్ అన్నా? ఉప్పు లేని పప్పు!”

ఆటో ధర్మేందర్ అంత మాట అనేసి, డిస్కును కౌంటర్ మీదే వదిలేసి పోయాడు.

సూర్యాపేట బస్టాండు ఎదుట పాటల దుకాణం నడిపే లింగస్వామికి ఆ మాట కొత్త కాదు. రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర వస్తుంది. జాతరకల్లా అతను జానపద హిట్స్ డిస్కు తెస్తాడు. అందులో అందరి పాటలూ ఉంటాయి, ఆ ఒక్కటి తప్ప.

‘లేవరా కొడుక, తెల్లారె లేవరా... దొడ్ల గొర్రెపిల్ల నీకోసమరిసె...’

2003లో క్యాసెట్‌గా వచ్చిన ఆ పాట కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఊపేసింది. చాయ్ హోటళ్లు దానితోనే తలుపులు తీసేవి. ఆటోలు తొలి బేరానికి ముందు అదే పెట్టేవి. లింగస్వామి కూతురు అశ్విని చిన్నప్పుడు ఆ పాట వినందే మంచం దిగేది కాదు. రెండో చరణంలో పాడే ఆమె గొంతు ఒక్కసారి జీరపోయి, ఆగి, మళ్లీ అందుకుంటుంది. ఆ జీరకే జనం పడి చచ్చేవాళ్లు.

తర్వాత క్యాసెట్ల కాలం పోయింది. ఉన్న టేపులు అరిగిపోయాయి. లింగస్వామి దాచుకున్న అసలు టేపులో తప్ప పాట ఎక్కడా దొరక్కుండా పోయింది.

మరి అంతటి పాటను డిస్కులో ఎందుకు పెట్టడంటారా? అట్ట మీద ప్రతి పాటకూ పాడినవాళ్ల పేరు, ఫొటో వేయడం అతని రివాజు. ఒకసారి పేరు మరిచిపోతే హాలియా గాయకుడొకడు దుకాణం మీదికి చెప్పు విసిరాడు మరి! ఈ పాటకేమో పేరే లేదు. ఊర్లు తిరిగి టేపులో పాటలు పట్టుకొచ్చే మల్సూర్ తెచ్చి ఇచ్చాడు. లింగస్వామి దానికి డప్పు, కీబోర్డు కలిపి క్యాసెట్ వేశాడు, అంతే.

“ఎవరు పాడిండ్రు మల్సూర్?”

“గరిడేపల్లి దిక్కు ఎవరో ఆమె అన్నా. తెల్లారుగట్ల దడి ఇవతల నిలవడి టేపుల పట్టిన.”

“పేరు?”

“ఇగ అది అడగకు.”

ఆ ఏడాదే మల్సూర్ జ్వరమొచ్చి పోయాడు. పేరు అతనితోనే పోయింది.

2009 జాతరప్పుడు ధర్మేందర్ అటు పోగానే ఒకామె దుకాణం మెట్లెక్కింది. నలభై ఐదేళ్లు దాటి ఉంటాయి. భుజాన గొంగడి, కాళ్లనిండా దుమ్ము.

“నాకు సదువు రాదు కొడుకా. తెల్లారె లేవరా అనే పాట దీంట్ల ఉన్నదా?”

“లేదమ్మా.”

“జర సరింగ సూసి సెప్పు.”

“నేను చేయించిన డిస్కేనమ్మా. లేదు.”

ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుని మెట్టు మీద కూలబడింది. నీళ్లిస్తే గటగటా తాగింది. లేచి వెళ్లిపోయింది. పాపం, ఎంత ఆశపడి వచ్చిందో అనుకున్నాడు లింగస్వామి.

2011లో మళ్లీ వచ్చింది. అదే ప్రశ్న, అదే జవాబు. ఈసారి కొంగుముడి విప్పి, జాతర కొబ్బరిముక్క అతని చేతిలో పెట్టింది.

“నీ పిల్లలు సల్లగుండాలె కొడుకా.”

“నీ పేరేందమ్మా?”

“రుక్కమ్మ.”

లింగస్వామి ఆ కొబ్బరిముక్క పట్టుకుని ఆమె పోయిన దిక్కే చూశాడు. లేదన్నా దీవించిపోయే మనిషిని ఇంకెన్నిసార్లు ఒట్టి చేతులతో పంపుతాడు? రివాజు పోతే పోయె, ఈ తల్లి కోసమైనా ఆ పాట పెట్టి తీరాలనుకున్నాడు.

పెట్టాడు. 2013 డిస్కులో మొట్టమొదటి పాట అదే. పేరు ఉండాల్సిన చోట ‘పేరు తెలియని తల్లి’ అని, ఫొటో ఉండాల్సిన చోట గొర్రెపిల్ల బొమ్మ వేయించాడు. డిస్కులు కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ బస్సులెక్కి పోయాయి. ధర్మేందర్ ఈసారి రెండు కొన్నాడు.

జాతర రెండో రోజు రుక్కమ్మ వచ్చింది. తల ముగ్గుబుట్ట అయింది. ఆమె నోరు తెరవబోతుంటే లింగస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు.

“అడగకమ్మా! ఈసారి నీతోని అడిగిచ్చుకోను. ఇను!”

పెద్ద బాక్సులో పాట మోగింది. దుకాణం ముందు జనం ఆగారు. ఎవరో ఈల వేశారు.

రుక్కమ్మ కౌంటర్ అంచు పట్టుకుంది. సంతోషం పట్టలేకపోతోందనుకున్నాడు, వెర్రిబాగులవాడు!

“ఎందుకు పెట్టినవ్ కొడుకా?”

“నీకోసమేనమ్మా. రెండుసార్లు ఒట్టిగ పోతివి గదా.”

“ఒట్టిగ పోలే. లేదంటివనే గదా నీకు కొబ్బరి పెట్టిన.”

అతనికి ఏమీ అర్థం కాలేదు. అంతలో రెండో చరణం వచ్చింది. ఆ జీర కోసం జనం మాటలు ఆపేశారు.

రుక్కమ్మ పెదవులు కదిలాయి. బాక్సులో గొంతు ఎక్కడ జీరపోయిందో అక్కడ ఆగాయి. ఎక్కడ అందుకుందో అక్కడ అందుకున్నాయి.

లింగస్వామి కౌంటర్ దాటి ఆమె ముందుకొచ్చాడు.

“అమ్మా! పాడింది నువ్వేనా? పదేండ్ల సంది నీ పేరు కోసమే దేవులాడుతున్న! ఫొటో దిగుదువు రా, పేరేద్దాం!”

రుక్కమ్మ భుజం మీది గొంగడి తీసింది. మోగుతున్న బాక్సు మీద మెల్లగా కప్పింది. అంచులు కూడా సర్దింది.

“పాడలే కొడుకా,” అంది. “పాము కరిసిన నా పిలగాన్ని గీ గొంగట్లనే పండవెట్టుకొని తెల్లందాక లేపిన.”