ఐదింట్లో ఒకటి

"ఇదీ తప్పేనట అక్కా," అంది చెల్లెలు, ఫోన్ ఒళ్లో పెట్టుకుని.

ఫోన్లో గొంతు అప్పటికే తీర్పు చెప్పేసింది. మీరు మనిషేనని రుజువు కాలేదు, మళ్లీ ప్రయత్నించండి. తెర మీద ఉన్నదంతా గడగడా చదివి వినిపించే ఆ గొంతు, వంకర అక్షరాల దగ్గరికి రాగానే "బొమ్మ" అని ఊరుకుంటుంది. అక్కడ కళ్లున్నవాళ్లు కావాలి. ఆ ఇంట్లో కళ్లున్నది అక్క ఒక్కతే.

ఆ అక్షరాలు అడిగేది, చూపు లేకుండా ఊలు అల్లేవాళ్లు ఆన్‌లైన్లో పెట్టుకున్న సంఘం. సూది మీంచి జారిన కుట్టును వేళ్లతోనే ఎలా పట్టుకోవాలో నేర్పుతారట. అందులో చేరాలని చెల్లెలు ఒకటే తాపత్రయం. రోజూ పొద్దున్నే టీ తాగి అక్కను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. అక్క కళ్లజోడు సర్దుకుని, బొమ్మ చూసి అక్షరాలు చెబుతుంది. ఐదింట్లో ఒకటి తప్పు చెబుతుంది. కావాలనే.

కుట్టు జారినప్పుడల్లా "అక్కా, ఒకసారి చూడక్కా" అని పిలుపు వచ్చేది. ఆ పిలుపు వింటే పొయ్యి మీద పాలు పొంగుతున్నా వదిలేసి వచ్చేది అక్క. ముక్కూమొహం తెలియనివాళ్లెవరో ఆ విద్య కాస్తా నేర్పేస్తే ఇక తనెందుకు? అసలే ఈమధ్య పిలుపులు తగ్గాయి. నీలం స్వెటర్ ఒక్క చిల్లు కూడా లేకుండా భుజాల దాకా వచ్చేసింది. చెల్లెలికి చేయి తిరిగినట్టుందని అక్క దిగులుగానే సంతోషించింది.

"పోనీ, వదిలెయ్యరాదూ. నీకు నేనున్నాగా," అంది అక్క ఇప్పుడు.

చెల్లెలు ఊలు ఉండను చేతుల్లో అటూ ఇటూ తిప్పింది.

"నువ్వు మనిషివేనా అని నలభై రోజులుగా అడిగించుకుంటుంటే ఎలా ఉంటుందో తెలుసా అక్కా?"

తోడబుట్టినదాన్ని నలభై రోజులు గుమ్మం బయట నిలబెట్టింది ఆ యంత్రం కాదు, తను. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకుంది అక్క. కళ్లు మసకబారితే కొంగుతో తుడుచుకుని, ఇంకో బొమ్మ తియ్యమంది. ఈసారి ఒకటికి రెండుసార్లు చూసి మరీ చదివింది.

"కె. ఏడు. ఎమ్. ఆర్. రెండు."

చెల్లెలు ఒక్కొక్కటీ నొక్కింది. ఫోన్లో గొంతు తాపీగా చదివింది. అక్షరాలు సరిపోయాయి. ఈ నంబరుతో సభ్యత్వం ఇప్పటికే ఉంది. చేరి ఇరవై ఆరు రోజులు.

చెల్లెలు తడుముకుంటూ అక్క చేయి పట్టుకుంది.

"నాలాంటివాళ్లం పోరగా పోరగా, అక్షరాలు పైకి వినిపించే బొత్తం పెట్టారక్కా వాళ్లు. ఆ రోజే చేరిపోయాను. ఎందుకు తప్పు చదువుతున్నావని అడిగితే నువ్వు చిన్నబోతావని, సరిగ్గా చదివేదాకా అడుగుతూ వచ్చాను."