గుమ్మంలో నాడె

హాలు గుమ్మం దాటబోతున్న రఘుపతి మణికట్టును ముసలామె పట్టుకుంది.

"నా పేరు రాయకుండనే పోతున్నవా, కొడుకా?"

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ చెయ్యి చల్లగా ఉంది. రఘుపతికి ఒళ్లు జలదరించింది.

ఆమె అతనికి కొత్త కాదు. ఏడాదిగా రోజూ సాయంత్రం అతని తండ్రి లింగమూర్తి మెయిన్ రోడ్డు దాటి ఇంటికొస్తుంటే, రెండడుగుల వెనక నీడలా వచ్చేది ఈమే. సందు మలుపులో ఆగి, ఆయన గడప ఎక్కేదాకా కన్నార్పకుండా చూసి, మాటా పలుకూ లేకుండా వెనక్కి తిరిగేది.

ఎవరామె అని అడిగితే తండ్రి నవ్వి, తల అడ్డంగా ఊపేవాడు. ఏమడిగినా అదే జవాబు. సూరత్‌లో సాంచాలనే మరమగ్గాల మోతలో నలభై ఏళ్లు నిలబడి, పని మానేశాక మాటలే మరిచిపోయాడనుకునేవాడు రఘుపతి.

ఆ ముసలిది మామ మీద ఏదో చేస్తోందని రఘుపతి భార్య సంగీత నమ్మింది. గడపకు నిమ్మకాయలు కట్టింది. రఘుపతి మొదట్లో పెళ్లాన్ని చూసి నవ్వాడు గానీ, అనుమానం పెనుభూతమన్నారు కదా. తల్లి పోయాక అతనికి మిగిలింది ఆ తండ్రి ఒక్కడే.

ఇప్పుడు అతను పనిచేసే మున్సిపల్ ఆఫీసు అతన్ని పంపింది ఈ హాలు మీదికే. సూరత్‌లోని లింబాయత్‌లో, తెలుగువాళ్ల సందులో ముసలివాళ్లు పొద్దుపుచ్చే ఈ హాలును మూసేసి జాగాను దుకాణాలకు ఇవ్వాలని ఆలోచన. మూస్తే ఎవరికి నష్టం? ఆడవాళ్లెందరు, ముసలివాళ్లెందరు, వికలాంగులెందరు? ఫారం నింపి ఇవ్వాలి.

మూడు మధ్యాహ్నాలు వచ్చాడు.

లోపల ముప్పై మంది ముసలివాళ్లు. క్యారమ్ బిళ్లల టకటక తప్ప మనిషి గొంతు లేదు. పెదాలు కదులుతాయి, వేళ్లు కదులుతాయి, మాట బయటికి రాదు. గోడ పొడవునా ఒకటే చెక్కబల్ల, అందరూ కూర్చునేది దాని మీదే. గుమ్మం దగ్గర, ఆ బల్ల చివర, ఈమె. చేతిలో మగ్గంలో పోగు మోసే పాత నాడె.

ఉన్నట్టుండి నాడెతో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టేది. బల్ల మీదున్న అందరి తలలూ ఒక్కసారే లేచేవి. ఆమె ఎవరి వైపు చూస్తే వాళ్లు లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయేవాళ్లు.

లింగమూర్తి కూడా అలాగే లేచాడు. కన్నకొడుకు వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడని మనిషి, ఆమె చెక్క మీద కొడితే లేచాడు. రఘుపతి ఫారం బయటికి తీశాడు.

మీలో ఎవరికైనా ఏదైనా లోపం ఉందా అని హాలు మధ్యలో నిలబడి అడిగాడు. ముప్పై మందీ అతని వైపు చూసి ఒకేలా నవ్వారు. ఒకేలా తల అడ్డంగా ఊపారు.

వికలాంగులు: సున్నా.

ఇక త్వరగా బయటపడదామని గుమ్మం దాటుతుంటే, ఇదిగో, ఈ చెయ్యి.

"పేరేంది?"

"కనకవ్వ."

"క్యారమ్ ఆడతవా? పేపర్ చదువుతవా?"

"నాకు సదువేడిది."

"మరి ఎందుకొస్తవ్?"

"వినతందుకు."

"ఇక్కడ ఎవ్వరూ మాట్లాడరు గదా. ఏం వింటవ్?"

"బయటియి. పిలుపులు, బండ్లు." ఆమె పట్టు బిగిసింది. "జర రాసుకో కొడుకా. ఇది మూస్తే వీళ్లు రోడ్ల మీద పడ్తరు."

రఘుపతి చెయ్యి విడిపించుకున్నాడు. ఇంటికెళ్లి ఫారం చివర రాశాడు: 'ఒక స్త్రీ వస్తోంది, హాలుతో సంబంధం లేదు. మూసినా ఎవరికీ ప్రత్యేక నష్టం లేదు.' తండ్రిని ఆమె చూపు నుంచి తప్పించానన్న తృప్తితో ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

రెండు నెలలకు హాలుకు తాళం పడింది. బల్లను ఎవరో పట్టుకుపోయారు. ముసలివాళ్లు తలో దిక్కయ్యారు. లింగమూర్తి ఇంట్లో ఉండలేక రోజుకో టీ బండి దగ్గర కూర్చునేవాడు. కనకవ్వ నాడె పట్టుకుని సందుసందూ తిరుగుతోందని, మనుషుల ముఖాల్లోకి చూస్తోందని, పిచ్చెక్కిందని చెప్పుకున్నారు.

వారం తిరక్కుండానే మెయిన్ రోడ్డు మీద లింగమూర్తిని టెంపో గుద్దింది.

డ్రైవరు రఘుపతి కాళ్ల మీద పడి ఏడ్చాడు. అంత దూరం నుంచి హారను కొడుతూనే ఉన్నానని, ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని తాపీగా నడుస్తూనే ఉన్నాడని చెప్పాడు.

శ్మశానం దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. పోయిన ప్రాణం తిరిగొస్తుందేమోనని కొడుకు శవం చెవిలో మూడుసార్లు పిలవాలి.

రఘుపతి వంగాడు. నాయినా అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మూడోసారీ పిలిచాడు.

జనం పక్కకు జరిగారు. కనకవ్వ వచ్చింది. సంగీత కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆమె వంగి, పాడె కర్ర మీద నాడెతో రెండు దెబ్బలు కొట్టింది. కాసేపు ఆగింది. పాడె వెంట వచ్చిన హాలు ముసలివాళ్లంతా ఆమె చేతినే చూస్తున్నారు.

లింగమూర్తి లేవలేదు.

"చెవుల పిలిస్తే ఎట్ల లేస్తడు, కొడుకా?" అందామె మెల్లగా. "సాంచాల మోతకు మీ నాయిన చెవులు ఎన్నడో పోయినయ్. వీళ్లందరియి గంతే. కూసున్న బల్ల అదిరితేనే తెలుస్తది. చెవుడని తెలిస్తే సేటు పనిల నుంచి తీసేస్తడని, ఏమడిగినా నవ్వి లేదనుడు నేర్చుకున్నరు."

రఘుపతి తలెత్తి ముసలివాళ్ల వైపు చూశాడు. వాళ్లు అలవాటుగా నవ్వబోయి, ఆగిపోయారు.

హాలుతో సంబంధం లేదని అతను రాసిన కనకవ్వ, తన మొగుడు అదే రోడ్డు మీద హారను వినపడక చనిపోయిన నాటి నుంచీ, ఆ ముప్పై మంది కోసం గుమ్మంలో కూర్చుని వింటున్న మనిషి.